మూలిగే తొట్టి

రాజాంలో ధాన్యం, గోగునార కొని అమ్మే జగన్నాధానికి ఏ వస్తువునైనా అది ఇచ్చేదానితో కాక అది తినేదానితో లెక్కగట్టడం అలవాటు. ఎద్దును చూపిస్తే ఎంత లాగుతుందని అడగడు, ఎంత మేస్తుందని అడుగుతాడు. మనిషిని పనిలో పెట్టుకోవాలన్నా అంతే. ఈ లెక్క మీదే ముప్ఫై ఏళ్ళు వ్యాపారం చేశాడు, పెద్దగా దెబ్బతిన్నది లేదు. ఒక్క మరుగుదొడ్డి విషయంలోనే తప్పాడు. అదీ రెండుసార్లు.

మొదటిసారి తప్పింది భార్య బతికుండగా. తవిటమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పెరట్లో ఒక దొడ్డి కట్టించమని అడిగింది. తెల్లారకముందే లేవాలి, చెంబు పట్టుకోవాలి, పక్కింటావిడను తోడుకి కేకేయాలి, వానైనా బురదైనా ఊరవతల గెడ్డవాగు గట్టుకి నడవాలి. "ఊరందరూ ఎల్లట్లేదేటి?" అని ఆయన దాటేసేవాడు. కొత్త కాటా కొన్నాడు, పెద్ద ఇనప్పెట్టె కొన్నాడు, కొట్టు మీద శ్లాబు వేయించాడు. ఇది మాత్రం వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ పోయింది. తవిటమ్మ జ్వరంతో మంచం పట్టిన ఆఖరి పదిహేను రోజుల్లో ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి ఇంత బాధ ఉండేది కాదేమో.

కొడుకు నారాయణమూర్తికి ఎచ్చెర్ల దగ్గర రైతుల ఇంట పిల్ల నీలవేణితో పెళ్ళి కుదిరింది. కుదిరిన వారంలోనే జగన్నాధం విశాఖపట్నం నుంచి ఫిట్టరును పిలిపించాడు. అది అరవై ఏడో సంవత్సరం ఎండాకాలం. నూతికి మోటారు అంతకుముందే ఉంది. కొట్టు శ్లాబు మీద సిమెంటు తొట్టి కట్టి, అక్కడి నుంచి పెరట్లోని దొడ్డికి గొట్టం దింపాలి.

"ఇంటి చుట్టూ తిప్పి తీసుకెళ్ళమంటారా, కొట్టు లోపల్నుంచి నేరుగా దింపి గోడలోంచి కొట్టేయమంటారా?" అని అడిగాడు ఫిట్టరు.

జగన్నాధం తాడు పట్టి కొలిచాడు. కొట్లోంచి అయితే పన్నెండు అడుగుల గొట్టం మిగులుతుంది.

"నేరుగానే కొట్టీ," అన్నాడు. రెండోసారి లెక్క తప్పింది అక్కడ.

ఆ వీధిలో గొలుసు లాగితే నీళ్ళు దూకే దొడ్డి అదే మొదటిది. ఎత్తున గోడకి ఇనప తొట్టి, దాన్నుంచి వేలాడే గొలుసు. నారతో వచ్చిన రైతులకి జగన్నాధం స్వయంగా గొలుసు లాగి చూపించేవాడు. వాళ్ళు నీళ్ళ హోరుకి ఉలిక్కిపడి వెనక్కి జరిగితే సంతోషించేవాడు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక తొట్టి మూలగడం మొదలెట్టింది. గొలుసు లాగినప్పుడు కాదు. లాగి, నీళ్ళు దూకి, మళ్ళీ తొట్టి నిండేటప్పుడు, మొదట సన్నగా గుర్రుమనేది, తర్వాత బొంగురుగా, సాగదీసి మూలిగేది. గొట్టం కొట్లోంచే కదా వచ్చేది! ఆ మూలుగు శ్లాబంతా పట్టుకుని, ధాన్యం బస్తాల మధ్య, కొలిచేవాళ్ళ నెత్తిమీద, ఈనబోయే గేదె పక్కనే ఉన్నట్టు వినబడేది.

"సావుకారీ, మీ గేదె నొప్పులు పడతన్నాదండీ," అనేవాడు కళాసీ ఎర్రన్న, బస్తా వీపు మీద ఉండగానే. కొట్టంతా నవ్వేది. జగన్నాధమూ నవ్వేవాడు.

"యంత్రమన్నాక సప్పుడు సేస్తాదిరా. రైసుమిల్లు సప్పుడు సెయ్యట్లేదేటి? సప్పుడు ఆగిపోతే కదా భయం!"

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. చప్పుడు చేసేది పనిచేస్తున్నట్టు.

పుష్యమాసం వచ్చేసరికి కొట్టు తెల్లవారి నుంచి దీపాలు పెట్టేదాకా రైతులతో, బళ్ళతో కిటకిటలాడిపోతోంది. నారాయణమూర్తి నార కొనుగోలుకి పాలకొండ వైపు వెళ్ళి వారమైంది. నీలవేణికి అయిదో నెల.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి గున్నమ్మ ఎదురుగా కూర్చుంది. గున్నమ్మ తవిటమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె వెంట వచ్చిన మనిషి. ఇల్లు ఊడ్చేదీ ఆమే, ఇంట్లోవాళ్ళని దులిపేదీ ఆమే. ఆమె అలా కూర్చుందంటే ఏదో ఉందని జగన్నాధానికి తెలుసు.

"పొద్దున్న డాక్టరమ్మ కాడికి కోడలమ్మని తీసుకెల్లినాను."

"ఏటన్నాది?"

"కాళ్ళు పొంగినాయి. మంట పుడతన్నాదట. నీళ్ళు తాగట్లేదు ఈ గుంట, ఇలగైతే లోపల బిడ్డకీ మంచిది కాదు, జొరమొచ్చీసి నెలలు నిండకుండా కానుపైపోయినా అయిపోద్ది అనీసి కేకలేసినాది. రోజుకి పెద్ద సెంబుతో ఎనిమిది సెంబులు తాగాలట."

"తాగమను మరి! నూతిలో నీళ్ళకి కరువేటి?"

"తాగితే ఎల్లాల కదా."

"ఎల్లమను! పెరట్లోనే కట్టించినాను కదా, అందుకోసమే."

గున్నమ్మ ఆయన కంచం వంక చూసి, గొంతు తగ్గించింది. "కట్టించినారు బాబూ. అది మూలిగితే మీ కొట్లో ఇరవై మంది తలకాయలెత్తుతారు. మీరూ, అబ్బాయీ కొట్లోనే ఉంటే మరెల్లింది ఎవులని ఆళ్ళకి తెలీదా? ఎర్రన్న గేదె మాట అన్న రోజు ఆ పిల్ల లోపలే ఉన్నాది. మీ నవ్వులన్నీ ఇన్నాది. ఆ రోజు నుంచీ పొద్దోయీ దాకా ఎల్లడం మానీసింది. ఎల్లకుండా ఉండడానికి నీళ్ళు మానీసింది."

ఈ మధ్య మూలుగు పగలు వినబడటం లేదని జగన్నాధం గమనించకపోలేదు. తను వెళ్ళినప్పుడు తప్ప లేదు. తెల్లారుజామున ఒకసారి, కొట్టు కట్టేశాక వరసగా రెండుసార్లు. దానంతటదే తగ్గుతోంది కాబోలు అనుకున్నాడు. బస్తాలో పిడికెడు తరుగుంటే కనిపెట్టే మనిషి, ఇంట్లో ఒక పిల్ల పన్నెండు గంటలు బిగబట్టుకుని కూర్చుంటే దాన్ని లాభం కింద రాసుకున్నాడు.

"నాతో ఎందుకు సెప్పలేదే?"

"మావగారితో సెప్పే మాటేటండీ అది?"

నిజమే. నీలవేణి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడాదిన్నర దాటినా మామగారి ఎదట పడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వాకిట్లోకి వస్తే తలుపు వారకి జరిగేది. ఏం చెప్పాలన్నా గున్నమ్మతో చెప్పేది. ఆయనా అంతే.

మర్నాడు పొద్దున్నే పోతురాజును పిలిపించాడు. ఊళ్ళో ఆయిలింజన్లు, మోటార్లు, సైకిళ్ళు బాగుచేసేది అతనే. పోతురాజు పసుపు బట్టలతో, నుదుట పెద్ద బొట్టుతో వచ్చి, నూతి చపటా దగ్గరే ఆగిపోయాడు.

"లెట్రీను గుమ్మం నాను తొక్కను సావుకారీ. ఈ నెలంతా అమ్మోరి పండగ ఘటం మోసీ మొక్కు నా నెత్తి మీదున్నాది. తొక్కితే ఊరు ఊరుకోదు, అమ్మోరు అసలే ఊరుకోదు. పండగవ్వనీండి."

"ఎన్నాళ్ళున్నాది?"

"పద్దెనిమిది రోజులు."

జగన్నాధం ఆలోచించింది ఎంతోసేపు కాదు. ఒక పక్క పద్దెనిమిది రోజులు. రెండో పక్క నీళ్ళు తాగని పిల్ల. విశాఖపట్నం ఫిట్టరుకి కబురంపితే వాడు ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఉత్తరీయం తీసి నూతి గిలక మీద వేసి, పంచె ఎగ్గట్టాడు.

"నువ్వక్కడే నిలబడి సెప్పు. సేతులు నావి."

"మీరా!" గున్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సావుకారి లెట్రీను తొట్టిలో సేతులెట్టడమేటి, ఓలమ్మో!"

"తానం సేస్తే పోద్ది. నువ్వు గుమ్మం కాడ నిలబడి ఆడు ఇచ్చినవి అందించు."

వెళ్ళేముందు కొట్లోంచి ఒక పనిముట్టు తెచ్చుకున్నాడు. బస్తాలో గుచ్చి లోపలి గింజల మచ్చు తీసే ఇనప గొట్టం అది. గొలుసు లాగాడు. నీళ్ళు దూకాయి, తొట్టి నిండటం మొదలైంది, మూలుగు లేచింది. ఇనప గొట్టం మొనను నీళ్ళ గొట్టానికి ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకున్నాడు. గోడ దగ్గర విన్నాడు. కొట్లోకి పరుగెత్తి శ్లాబు కింద విన్నాడు. మళ్ళీ గొలుసు లాగి, ఈసారి తొట్టి అంచుకి ఆనించి విన్నాడు. బస్తా పైన ఒక రకం, అడుగున ఒక రకం ఉంటే ఎలా తెలుసుకుంటాడో అలాగే.

"కొట్లో గణగణమంటాది. తొట్టి కాడ గుర్రుమంటాది," అని పెరట్లోకి కేకేశాడు.

"అయితే రెండు జబ్బులున్నాయి," అన్నాడు నూతి దగ్గర నుంచి పోతురాజు. "గోడలో గొట్టం వదులైపోయి కొట్టుకుంటన్నాది, అది గణగణ. గుర్రు మాత్రం నీళ్ళ ఒత్తిడై ఉంటాది. పైన కుళాయి సగానికి కట్టేయించండి."

ఎర్రన్నని శ్లాబు మీదికి పంపి కుళాయి సగం కట్టించాడు. మూలుగు తగ్గలేదు. సన్నబడి, ఈల లాగా, మరింత సేపు సాగింది.

"ఇదేటిరా! ముందు గేదె, ఇప్పుడు రైలు!"

పోతురాజు తల గోక్కున్నాడు. అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి చిన్న గొంతు వినబడింది.

"గున్నమ్మత్తా, ఆ రాగి గుండుని కిందనుంచి ఎత్తి పట్టుకుంటే అరవదని సెప్పు."

పెరడు చిన్నది. ఆ మాట జగన్నాధానికీ వినబడింది, పోతురాజుకీ వినబడింది. అయినా అందరూ గున్నమ్మ వైపే చూశారు.

"గుండుని ఎత్తి పట్టుకుంటే అరవదటండీ," అంది గున్నమ్మ గంభీరంగా.

జగన్నాధం స్టూలెక్కి తొట్టిలో తేలుతున్న రాగి గుండును వేళ్ళతో కొంచెం పైకెత్తాడు. మూలుగు టక్కున ఆగిపోయింది. వదిలాడు. మళ్ళీ మొదలైంది. చూస్తే గుండు వణుకుతోంది. గుండుతో పాటు దాని కాడ, కాడతో పాటు గొట్టం.

"ఇది కోడలికెలా తెలిసిందటే?" అన్నాడు గున్నమ్మతో.

గున్నమ్మ తలుపు వెనక్కి వెళ్ళి కాసేపు గుసగుసలాడి వచ్చింది. వస్తూనే నెత్తి కొట్టుకుంది.

"ఎలాగేటండీ! ఎల్లినప్పుడల్లా ఆ స్టూలెక్కి, నీళ్ళు నిండబోయీ ఏళకి కర్రతో గుండుని ఎత్తి పట్టుకునేదట! సెయ్యి లాగీసి వదిలీస్తే మూలిగీదట!"

జగన్నాధం తన కాళ్ళ కిందకి చూశాడు. మూడు కాళ్ళ స్టూలు. నెల రోజులుగా అది అక్కడెందుకుందో అనుకుంటూనే ఉన్నాడు. తడి గచ్చు మీద, అయిదో నెల కడుపుతో, మునికాళ్ళ మీద, చెయ్యి పైకెత్తి నిలబడి. ఒక్కసారి జారి ఉంటే? ఆయన ఒక చెయ్యి గోడకి ఆనించుకున్నాడు. కొలతలో, తూకంలో, ధరలో తప్పు వస్తే దిద్దుకోవచ్చు. ఇది దిద్దుకోవడానికి ఏం మిగిలేది?

"ఏటైంది సావుకారీ?" అన్నాడు పోతురాజు.

"ఏటీ నేదు. సెప్పు, ఇప్పుడేటి సెయ్యాలి?"

"కోడలమ్మ సరిగ్గా సెప్పింది. ఆ కాడ మొదట్లో, నీళ్ళొచ్చే సోట ఓ రబ్బరు బిళ్ళ ఉంటాది. అది గట్టిపడిపోయుంటాది. తొట్టి నిండీసరికి దారి పూర్తిగా మూయనేదు, తెరవనేదు. అందుకే కొట్టుకుంటన్నాది. పైన కుళాయి పూర్తిగా కట్టించీసి, పక్కనున్న సీల లాగండి. కాడ ఊడొస్తాది."

ఎర్రన్న పైన కుళాయి కట్టేశాడు. జగన్నాధం చీల లాగాడు, కాడ తీశాడు, దాని మొదట్లోని ఇత్తడి ముక్కను తీశాడు. ఒక్కొక్కటే గున్నమ్మ పట్టుకున్న చాటలో పెట్టాడు. బిళ్ళ ఎండిన చింతగింజలా ఉంది. నీళ్ళ దెబ్బకి నడిమధ్య గాడి పడిపోయింది. గున్నమ్మ దాన్ని నూతి దగ్గరికి తీసుకెళ్ళి దూరం నుంచే చూపించింది. పోతురాజు సంచిలోంచి మెత్తటి రబ్బరు తీసి అదే కొలతకి కత్తిరించాడు. దాంతో పాటు జానెడు సైకిల్ ట్యూబు ముక్క కూడా ఇచ్చాడు.

"ఇదేటికి?"

"నీళ్ళు పైనుంచి పడకుండా దీన్ని మూతికి తొడిగి కొస నీటిలో ములిగీలా వదిలీండి. పడిన సప్పుడూ ఉండదు, అలలకి గుండు ఊగదు."

జగన్నాధం బిళ్ళ పెట్టాడు. ట్యూబు తొడిగి గోగునార పురితో బిగించాడు. బస్తాల మూతి ఇరవై ఏళ్ళు కుట్టిన చేతులు, ముడి గట్టిగానే పడింది. కాడను దాని చోట పెట్టి, "కుళాయి తిప్పరా!" అని కేకేశాడు.

ఎర్రన్న తిప్పాడు. కాడ పక్కకి ఊడిపోయింది. నీళ్ళు ఆయన ముఖం మీదికి, కళ్ళలోకి, నోట్లోకి చిమ్మాయి. స్టూలు మీద తడబడి రెండు చేతులతో తొట్టిని పట్టుకున్నాడు. ఏం జరిగిందో తెలియలేదు.

"మావయ్యా! సీల! సీల సాటలోనే ఉండిపోయిందండీ!"

నీలవేణి తలుపు దాటి పెరటి మధ్యకి వచ్చేసింది. గున్నమ్మ చేతిలోని చాటలోంచి చీల తీసి చెయ్యి చాపింది. అంతలో ఎర్రన్న కంగారుపడి కుళాయి కట్టేశాడు. నీళ్ళు ఆగాయి. జగన్నాధం కళ్ళు తుడుచుకుని చూసేసరికి కోడలు ఎదురుగా, చీలతో, భయంతో నిలబడి ఉంది. ఆమె కాళ్ళు నిజంగానే వాచి ఉన్నాయి.

ఆయన కిందికి వంగి చీల అందుకున్నాడు.

"పెడతన్నానమ్మా," అన్నాడు. గచ్చు వంక చూసి, "నువ్వా తడి కాడికి రాకు తల్లీ. జారుద్ది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి తను ఎక్కడ నిలబడిందో. కొంగు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

చీల పెట్టాడు. తర్వాత తడిబట్టలతోనే కొట్లోకి వెళ్ళి, శ్లాబు కింద గొట్టానికీ గోడకీ మధ్య సందుల్లో గోనె మడిచి దట్టించాడు. గొట్టాన్ని గోడకి పట్టి ఉంచే బిగింపుల్లో కూడా గోనె పట్టీలు వేసి మేకులు కొట్టాడు. అందుకు కొత్త గోనెసంచీ ఒకటి నిలువునా కోశాడు. శ్లాబు అంచున బోర్లా పడుకుని తొంగిచూస్తున్న ఎర్రన్న గొల్లుమన్నాడు.

"కొత్తది కోసీసినారేటండీ! పాతవి బోల్డన్నున్నాయి కదా!"

"పాతది నాలుగు నెల్లకి సిరుగుతాది. నోర్మూసుకుని కుళాయి తిప్పు. పూర్తిగా తిప్పు."

ఎర్రన్న కుళాయి దగ్గరికి పోయి తిప్పాడు. జగన్నాధం వెళ్ళి గొలుసు లాగాడు. నీళ్ళు దూకాయి. తర్వాత తొట్టిలో చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు చడీచప్పుడూ లేకుండా లేస్తున్నాయి. గుండు నిదానంగా పైకి వచ్చి, వణక్కుండా ఆగింది.

"సావుకారీ!" పైనుంచి ఎర్రన్న కేక. "తిప్పి ఇంతసేపైంది, నీళ్ళు రావట్లేదేటండీ? ఏటీ ఇనబడట్లేదు!"

"ఒచ్చీసినాయిరా. నిండీసింది కూడాను. దిగు."

నూతి దగ్గర పోతురాజు రెండు చేతులూ ఎత్తి అమ్మవారికి దణ్ణం పెట్టాడు, తన పనితనాన్ని తనే ఒప్పుకుంటున్నట్టు. జగన్నాధం నూతి దగ్గరే నాలుగు బిందెలు నెత్తిన పోసుకున్నాడు. ఎర్రన్న దిగి వచ్చాక పక్కకి పిలిచాడు.

"ఒరే, గేదె మాట ఇంక నా కొట్లో ఇనబడకూడదు."

"గేదే నేదు కదండీ మరి, మాటేటి?"

"మాట నీ నోట్లో ఉన్నాది కదరా. అదే సెప్తన్నాను. తప్పు నాది కూడాను. నానూ నవ్వినాను."

ఎర్రన్న ఆయన ముఖంలోకి చూసి, తల వంచుకుని బస్తా ఎత్తుకున్నాడు.

ఆ రోజు గడిచింది. మర్నాడు గడిచింది. జగన్నాధం గద్దె మీద కూర్చుని ధాన్యం చూస్తున్నాడు, ధర చెబుతున్నాడు, చెవి మాత్రం వెనక గోడ మీదే ఉంది. ఏమీ వినబడదు. వినబడకపోతే అది బాగైనందుకా, లేక ఆ పిల్ల ఇంకా వెళ్ళనందుకా? ఈ రెండింటికీ తేడా తెలుసుకునే దారి లేదు. ఇలాంటి సరుకు ఆయన ముప్ఫై ఏళ్ళలో చూడలేదు. మచ్చు తీయడానికి లేదు, తూయడానికి లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక, కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మంలో గున్నమ్మని ఆపాడు.

"ఒసే గున్నమ్మా... పగలు... ఎల్తన్నాదా?"

గున్నమ్మ చంకలోని బిందె దించింది. నడుం మీద చెయ్యి పెట్టింది.

"సిగ్గు నేదేటి బాబూ మీకు! ఊరందరికీ తెలిసిపోతున్నాదనే కదా అంత తంటాలు పడి బాగు సేసినారు? ఇప్పుడు మీకొక్కరికీ తెలియాలేటి?"

జగన్నాధం గుమ్మం వదిలి పక్కకి జరిగాడు.

"పొద్దుట్నుంచీ తాగడానికి మూడు బిందెలు తోడినాను, నా రెక్కలు పడిపోతన్నాయి. అది సాలదా మీకు? పోండి, బేరాలు సూసుకోండి." బిందె ఎత్తుకుని విసవిసా లోపలికి పోయింది.

ఆయన వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. ఎదురుగా వంగర నుంచి వచ్చిన రైతు దోసిట్లో ధాన్యం పట్టుకుని చూపిస్తున్నాడు. ఆయన గింజలు తీసి పంటి కింద పెట్టుకున్నాడు.

గున్నమ్మ లోపలికి పోయి ఆ మాట కోడలికి చెప్పినట్టుంది. ఒక గిన్నె కింద పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే నవ్వు. ఆపుకోబోయి, ఆపుకోలేక, మళ్ళీ మళ్ళీ పొంగుకొస్తున్న ఆడపిల్ల నవ్వు. ఏడాదిన్నరలో ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు ఆ పిల్ల. గుమ్మం తెరిచే ఉంది. కొలత దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకడు తల ఎత్తబోయాడు.

"ఇదేటి తేమ!" అని జగన్నాధం ఒక్కసారిగా గొంతు పెంచాడు. "గింజ పంటి కింద విరగట్లేదు, ఇలాటి సరుకు నా మొకాన కొడతావేటి?"

రైతు అదిరిపడ్డాడు. ఆ గింజ టక్కున విరిగింది, బంగారంలా ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కొట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగి ఆ తగువు చూస్తున్నారు. లోపల నవ్వు ఆగేదాకా జగన్నాధం ఆ తేమ గురించి అరుస్తూనే ఉన్నాడు. ఆగాక, రైతు అడిగిన ధరకే కొన్నాడు.